అమ్మ గరిటెది ఎడమచేతి వాటం

మా వంటింట్లో ఒక చెక్క గరిటె ఉంది. దాని కొస ఒక పక్కన బాగా అరిగిపోయి, ఎవరో కావాలని ఏటవాలుగా కోసేసినట్టు ఉంటుంది. మొన్నామధ్య ఇంటికొచ్చిన ఒకావిడ దాన్ని చూసి "అయ్యో, విరిగిపోయినట్టుందే, ఇంకా ఎందుకు ఉంచారు?" అన్నారు. విరగలేదండీ, అరిగింది అన్నాను. రెండింటికీ తేడా ఏమిటన్నట్టు ఒక చూపు చూసి వేరే మాటలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. చెక్క గరిటె ఏళ్ళ తరబడి గిన్నె అడుగున రాసుకుంటూ ఉంటే కుడిచేత్తో తిప్పేవాళ్ళది ఒక పక్క, ఎడమచేత్తో తిప్పేవాళ్ళది రెండో పక్క అరుగుతుంది. దీనికి అరిగిన పక్క చూస్తే చాలు, కుడిచేతివాళ్ళు వాడింది కాదని తెలిసిపోతుంది.

అమ్మది ఎడమచేతి వాటం.

రాయడం మాత్రం చిన్నప్పుడు బళ్ళో వేళ్ళ మీద కొట్టి కొట్టి కుడిచేతికి మార్పించారట, అందుకే ఆవిడ అక్షరాలు చివరిదాకా ఎవరో గద్దించి నిలబెట్టినట్టు బిగుసుకుని ఉండేవి. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. కత్తెర పట్టుకుంటే బట్ట తెగేది కాదు, నమిలేసినట్టయ్యేది. కత్తెర రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చునే తీరు కూడా కుడిచేతివాళ్ళ కోసమేనని నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. గరిటెల సంగతీ అంతే. మా ఇంట్లో అప్పుడున్న గరిటె కొసకి, గిన్నె మూలకి ఆనేలా ఒక పక్కకి వాలు తీసి ఉండేది. అది కుడిచేతి వాలు. అమ్మ దాన్ని తిరగేసి, వీపు పైకొచ్చేలా పట్టుకునేది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, రోజూ ఆవిడ చేతి వంట తింటూ నాన్నా నేనూ గమనించని విషయం, సెలవులకి నాలుగు రోజులు ఉండిపోదామని వచ్చిన చిన్నమామయ్య రెండో రోజే పట్టేశాడు.

"గరిటె తిరగేసి పట్టుకుంటావేంటక్కా?"

"అలవాటురా."

"చెయ్యి నొప్పెట్టదూ?"

అమ్మ ఏమీ అనలేదు. నొప్పెడుతుందన్నమాట.

మామయ్య వడ్రంగి కాదు. ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే ఉద్యోగం. చెక్క చెక్కడం ఆయనకి ఒక పిచ్చి, అంతే. ఆ పూటే పాత పేపరొకటి టేబుల్ మీద పరిచి, అమ్మ చేత గరిటె పట్టించి, ఆ పట్టు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. బొటనవేలు ఎక్కడ ఆనుతుందో అక్కడొక చుక్క. మణికట్టు ఎంత వంగుతుందో ఒక అడ్డగీత. "ఏమిట్రా ఈ తతంగం, పాదం కొలత తీసుకునే చెప్పులవాళ్ళలాగా" అని అమ్మ నవ్వింది. నాకు అప్పుడు పదేళ్ళుంటాయి. ఆ పేపరు చాలాకాలం నా దగ్గర ఉండేది, ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ దానికోసం వెతుకుతుంటాను, దొరకదని తెలిసీ.

గాలివానకి విరిగిపడిన కొమ్మొకటి తెచ్చాడు. పచ్చిది. ఎండిన కర్ర అయితే బాగుంటుంది కదా అని అడిగితే, పచ్చి కర్ర కత్తికి మెత్తగా లొంగుతుంది, ఎండాక అదే రాయిలా అవుతుంది, అందుకే ముందు చెక్కి తర్వాత ఎండబెట్టాలి అన్నాడు. దాన్ని రంపంతో కోయలేదు, గొడ్డలి ఆనించి పైనుంచి కొట్టి చీల్చాడు. నాకది మొరటు పనిలా అనిపించింది. కాదట. రంపం తన దారిన తాను పోతుంది, కర్రలోని నార ఎటు పోతోందో దానికి పట్టదు. చీలిక మాత్రం నార వెంటే పోతుంది. కాడ పొడుగునా నార తెగకుండా పోతేనే గరిటె సన్నగా ఉన్నా విరగదు. నార అడ్డంగా తెగిన చోట ఎప్పుడో ఒకప్పుడు పుటుక్కుమంటుంది. కొమ్మ నట్టనడుమ ఉండే మెత్తటి బెండు భాగం గరిటెలోకి రాకుండా తీసేశాడు, అది ఉంటే ఎండేటప్పుడు అక్కణ్ణుంచే పగులు మొదలవుతుందని.

గొడ్డలితో ముతక ఆకారం, మామూలు కత్తితో కాడ, వంకీ తిరిగిన చిన్న కత్తితో గుంట. ఆ వంకీ కత్తి తిరిగినప్పుడల్లా పచ్చి కర్ర లోంచి కరకరమని ఒక తడి చప్పుడు వచ్చేది, చుట్టలు చుట్టుకున్న పేళ్ళు నా ఒళ్ళో పడేవి. నేను వాటిని వేళ్ళకి ఉంగరాల్లా తొడుక్కుంటూ కూర్చునేదాన్ని. గుంట లోతు చూడ్డానికి మామయ్య కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య గరిటెని పట్టి నెమ్మదిగా నడిపించేవాడు, మందం ఎక్కడ ఎక్కువుందో కళ్ళకంటే వేళ్ళకే బాగా తెలుస్తుందని. నన్నూ పట్టి చూడమన్నాడు. నిజమే, కళ్ళు తెరిచి చూస్తే అంతా ఒకేలా ఉంది, మూసుకుని పట్టుకుంటే ఒక చోట ఉబ్బుగా తగిలింది.

మొదటిది పగిలింది. ఎండలో పెట్టేశాను నేను, త్వరగా ఆరిపోతుందని, సాయం చేస్తున్నాననుకుని. కర్రలో నీళ్ళు పక్కల కంటే కొసల నుంచే తొందరగా పోతాయి, కొస ముందు ఎండి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడిగా ఉంటుంది, ఆ రెండింటి పోట్లాటలో చీలిపోతుంది. గంటలో కాడ చివర వెంట్రుకంత గీత వచ్చింది, సాయంత్రానికి అందులో గోరు దూరింది. మామయ్య తిట్టలేదు, "సరేలే, దీంతో చేతికి కొలత తెలిసింది" అన్నాడు. రెండోదాన్ని దాని పేళ్ళతో సహా కాగితం సంచిలో కట్టి మంచం కింద పెట్టాడు. నాలుగు రోజులనుకున్న మనిషి పన్నెండు రోజులు ఉండిపోయాడు.

ఎండాక నున్నగా రాసి, మళ్ళీ నీళ్ళలో ముంచి తీశాడు. అంత నున్నటిది కాస్తా గడ్డంలా గరుకు తేలింది. తడికి నార లేస్తుంది, అలా లేచిందాన్ని ఆరాక మళ్ళీ రాసేస్తే తర్వాత ఎన్నిసార్లు కడిగినా గరుకెక్కదు. ఈ ఒక్క పని బజారు గరిటెలకి చెయ్యరు, మొదటిసారి కడగ్గానే అవి గరుకుగా తయారవడానికి కారణం ఇదే. చివరికి అవిసె నూనె పట్టించాడు. ఆ నూనె ఆవిరైపోయి ఆరదు, గాలిలోని ప్రాణవాయువుని పీల్చుకుని గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఈ సంగతి ఆయనకి తెలుసు, చెప్పడం మర్చిపోయాడు. నూనె తుడిచిన గుడ్డల్ని నేను శుభ్రంగా ఉండ చుట్టి పెరట్లో డబ్బాలో పడేశాను, ఆ రాత్రి డబ్బాలోంచి పొగ. అగ్గిపుల్ల గియ్యకుండానే! నాన్న బక్కెట్టు నీళ్ళు పోసి వచ్చి, ఒక గరిటె కోసం ఇల్లు తగలబెట్టేట్టున్నారు మామా కోడలూ అన్నారు. మీలో ఎవరైనా చెక్కకి అవిసె నూనె పట్టిస్తుంటే, ఆ గుడ్డల్ని విప్పి ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేకపోతే నీళ్ళలో ముంచి పడెయ్యండి. ఉండ చుట్టి మాత్రం పడెయ్యకండి.

అమ్మ ఆ గరిటె చూసి అబ్బా, ఓహో అని ఏమీ అనలేదు. తీసుకుంది, చేతిలో ఒకసారి తిప్పింది, ఆ పూటే వాడింది. మూడో రోజు మామయ్య ఊరికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర "చెయ్యి నొప్పెట్టట్లేదురా" అంది. అంతే. ఆయన ముఖం చూడాలి అప్పుడు.

ఆ తర్వాత మా ఇంటికి ఎన్ని బహుమతులొచ్చాయో లెక్కలేదు. ఫ్లవర్ వాజులు, గాజు బొమ్మలు, ఒకేలాంటి గోడ గడియారాలు నాలుగు. ఒకరిచ్చింది ఇంకొకరికి ఇచ్చేసే క్రమంలో ఒక వాజు రెండేళ్ళు ఊరంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే చేరింది, అట్టపెట్టె మీద అమ్మ రాసిన పేరు కొట్టేసి ఉంది. వాటి మీద నాకేం కోపం లేదు. ఎవరికైనా సరిపోయేవి కదా, అందుకని ఎవరి దగ్గరా ఆగలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

నేను చదువుకని మొదటిసారి ఇల్లు వదిలినప్పుడు పెద్దత్త ఉన్ని శాలువా అల్లి ఇచ్చింది. రెండు సూదులు, ఒక్కటే దారం. నేను ముసుగుతన్ని పడుకుంటానని, అటు తల ఇటు కాళ్ళు రెండూ మునగాలని, మామూలు శాలువాకంటే పొడుగు అల్లింది. ఏదో ఒక రాత్రి నిద్ర పట్టక కూర్చుని లెక్కేశాను. పది సెంటీమీటర్ల వెడల్పులో ఇరవై కుట్లు, పది సెంటీమీటర్ల పొడుగులో ఇరవై ఎనిమిది వరసలు. శాలువా వెడల్పు 50 సెంటీమీటర్లు, పొడుగు 2 మీటర్లు. అంటే వరసకి 100 కుట్లు, మొత్తం 560 వరసలు, వెరసి 56,000 కుట్లు. ప్రతి కుట్టుకీ సూది ఒకసారి లోపలికెళ్ళి, దారం చుట్టుకుని, బయటికొచ్చింది. ఈ లెక్క తెలిశాక దాన్ని కప్పుకోవాలంటే భయమేసింది నాకు. హాస్టల్లో పోతుందేమో, మరకవుతుందేమో, ఎవరైనా ఇస్త్రీపెట్టె పెట్టేస్తారేమో. రెండుసార్లు కప్పుకుని, మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేశాను. అది ఆవిడ మీద గౌరవం అనుకున్నాను.

మూడేళ్ళ తర్వాత తీస్తే జల్లెడ.

ఉన్ని తినే చిమ్మెటల గురించి అప్పుడు చదివాను. ఎగిరే చిమ్మెట అసలేమీ తినదట, దానికి తినే నోరే లేదు. అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగు తింటుంది. ఉన్నిలో ఉండే కెరటిన్ దాని ఆహారం. మన గోళ్ళలో, జుట్టులో ఉండేదీ అదే. చీకటిగా, కదలకుండా, ఎవరూ ముట్టుకోని చోటంటే వాటికి ప్రాణం. దానికి తోడు కప్పుకున్న బట్టలో చెమటా ఒంటి జిడ్డూ ఉంటే మరీ ఇష్టం. నేను రెండుసార్లు కప్పుకుని ఉతక్కుండా పెట్టేశాను కదా. అంటే భద్రం అనుకుని చేసిన ప్రతి పనీ వాటికి విందు ఏర్పాటు చేసినట్టే అయ్యింది. రోజూ కప్పుకుని, దులిపి, ఎండకి ఆరేసి ఉంటే వాటికి సందు దొరికేదే కాదు.

పెద్దత్తకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు వారం పట్టింది. ఏడుస్తూనే చెప్పాను. అవతల్నించి కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఎన్నిసార్లు కప్పుకున్నావే?" అంది. రెండుసార్లు అన్నాను.

"పోన్లే. నువ్వు కప్పుకోకపోతే పురుగులైనా కడుపు నింపుకున్నాయి. పారెయ్యకు, పట్రా."

ముందు గట్టి కవర్లో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచమంది, మిగిలిన గుడ్లూ పురుగులూ చావడానికి. తర్వాత ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని నాచేతే బాగు చేయించింది. అల్లిన బట్టలో ఒక కుట్టు తెగితే దాని కింది కుట్టు, దాని కింద ఇంకోటి, నిచ్చెన మెట్లలా జారిపోతూ ఉంటుంది, అందుకని ముందు ప్రతి చిల్లు చుట్టూ ఉన్న కుట్లని ఒక్కొక్కటిగా సూదికెక్కించి ఆపాలి. ఆ రంగు ఉన్ని దొరకలేదు. "దొరక్కపోతే ఏం, చిల్లు పడిందని దాచాలా? పసుపు పచ్చది పెట్టు" అంది. ముదురు నీలం శాలువా మీద పదిహేడు పసుపుపచ్చ మచ్చలు. మొదటి మూడు నేను పెట్టినవి, గుడ్డ లాక్కుపోయి ముడతలు పడ్డాయి. తర్వాతవి నయం. అప్పుడు తెలిసింది నాకు, ఒక్క కుట్టు ఒదిగి కూర్చోవాలంటే దారాన్ని ఎంత వదలాలో, ఎంత లాగాలో. ఆవిడ వేళ్ళు ఆ పని 56,000 సార్లు, ఎక్కడా బిగువు మారకుండా చేశాయి.

ఇప్పుడా శాలువా మా ఇంట్లో ఎవరికి చలేస్తే వాళ్ళది. పిల్లి కూడా పడుకుంటుంది దాని మీద.

2015లో మార్కెటింగ్ చదువుల పత్రికొకటి ఒక పరిశోధన అచ్చువేసింది. చేత్తో చేసిన వస్తువులో ప్రేమ ఇమిడి ఉన్నట్టు జనానికి అనిపిస్తుందనీ, అందుకే దగ్గరివాళ్ళకి ఇవ్వాలంటే అలాంటివాటి వైపు ఎక్కువ మొగ్గుతారనీ అందులో తేల్చారు. చదివి నవ్వుకున్నాను. ఇప్పుడు యంత్రం మీద చేసినవాటికి కూడా "హ్యాండ్‌మేడ్ విత్ లవ్" అని స్టిక్కరు అంటిస్తున్నారంటే ఈ సంగతి అమ్మేవాళ్ళకి బాగా ఎక్కినట్టే ఉంది. ప్రేమ ఉండదని నేననను. మా మామయ్య గరిటెలో నాకు ప్రేమకంటే ముందు కనిపించేది మాత్రం కొలత. అమ్మ చెయ్యి ఎంత, మణికట్టు ఎటు వంగుతుంది, ఏ పక్క నొప్పెడుతుంది. పెద్దత్తకి నేను ముసుగుతన్ని పడుకుంటానని తెలుసు. ఆ మాత్రం చూసి ఉండకపోతే ఎంత ప్రేమతో చేసినా అది ఇంకో ఫ్లవర్ వాజే.

కొలత తీసుకున్నా ఒక్కోసారి తేడా కొడుతుంది, అదీ చెప్తాను. ఒక స్నేహితురాలు కుండల పని నేర్చుకోవడం మొదలుపెట్టి, నాలుగు వేళ్ళూ హాయిగా దూరే పిడితో పెద్ద కప్పు చేసిస్తానని నా చెయ్యి కొలుచుకుంది. మట్టి ఆరి, బట్టీలో కాలి వచ్చేసరికి పొడుగులోనూ వెడల్పులోనూ పది పన్నెండు శాతం దాకా ముడుచుకుపోతుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు, లేదా చెప్పింది ఉత్సాహంలో వినలేదు. పన్నెండు శాతమంటే ఏముందిలే అనిపిస్తుంది కానీ పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ అంతంత తగ్గితే లోపల పట్టేది ఇంచుమించు మూడో వంతు తగ్గిపోతుంది. పిడిలో రెండు వేళ్ళు దూరాయి. నేను ఆ కప్పుతో రోజూ మూడుసార్లు కాఫీ తాగి, మూడోసారికి "ఇది రెండోదే" అని ఇంట్లోవాళ్ళకి అబద్ధం చెప్పేదాన్ని.

ఆ స్నేహితురాలే నాకు జపాన్‌లో చేతిపనుల గురించి రాసిన యనగి సోయెత్సు అనే ఆలోచనాపరుడి గురించి చెప్పింది. 1920లలో ఆయనా, హమద షోజీ, కవాయి కంజిరో అనే ఇద్దరు కుండల పనివాళ్ళూ కలిసి మామూలు జనం రోజూ వాడుకునే చేతిపని వస్తువులకి "మింగేయి" అని పేరు పెట్టారు, 1936లో టోక్యోలో వాటికోసమే ఒక మ్యూజియం తెరిచారు. సంతకం లేని, చేసినవాళ్ళ పేరు తెలియని గిన్నెలూ గుడ్డలూ, వాడుకలోనే వాటి అందం ఉందని ఆయన వాదన. వాడుక సంగతి బానే ఉంది. పేరు తెలియకపోవడం దగ్గరే నాకు ఒప్పుదల కుదరలేదు. "నా కప్పు నువ్వు చేశావని నాకు తెలుసు కదా, అప్పుడు ఇది అందులోకి రాదా?" అంటే, "ఈ పిడి చూశాక నా పేరు తెలియకపోవడమే మంచిది" అంది.

కొన్నేళ్ళకి ఆ పిడి ఊడొచ్చింది. కప్పుకీ పిడికీ తడి ఒకేలా ఉన్నప్పుడే అతకాలి, ఒకటి ఎక్కువ ఆరి ఇంకోటి తడిగా ఉంటే అతుకు దగ్గర కనపడని పగులు ఉండిపోతుంది. జపాన్‌లో బంగారం పూసి అతుకుతారటగా, అలా చెయ్యొచ్చుగా అని అందరూ సలహా ఇచ్చారు. ఆ పద్ధతిలో అతికేది బంగారం కాదు, ఒక చెట్టు పాల నుంచి తీసే జిగురు. అది తేమలో వారాల తరబడి ఉంచితేనే గట్టిపడుతుంది, బంగారం పొడి పైపైన అద్దేదే. బజారులో దొరికే తేలిక కిట్లలో మామూలు ఎపాక్సీ జిగురు ఉంటుంది, దాంతో అతికింది చాలావరకు నోట్లో పెట్టుకునేవాటికి పనికిరాదు. నాకంత ఓపిక లేదు. పిడి లేకుండానే అందులో పెన్నులు పెట్టుకున్నాను, రోజూ చెయ్యి తగులుతూనే ఉంటుంది.

నేను చేసిచ్చింది ఒక్కటే ఉంది లెక్కలోకి వచ్చేది. నాన్నకి నోటుపుస్తకం.

నాన్నకి ప్రతిదీ రాసుకునే అలవాటు. చూపు తగ్గుతున్నకొద్దీ బజారు పుస్తకాల్లో గీతలు ఆయనకి ఇరుకైపోయాయి, అక్షరాలు పై లైన్లోకీ కింది లైన్లోకీ వెళ్ళి గుద్దుకునేవి. కాగితాలు నాలుగేసి కలిపి మడిచి, పదహారు పేజీల ఫారాలు పన్నెండు చేసి, దారానికి తేనెమైనం పట్టించి, మడత లోపలి నుంచి కుట్టాను. అలా కుడితే పుస్తకం బల్ల మీద వెల్లకిలా పడుకుంటుంది, ఒక చేత్తో నొక్కి పట్టుకోనక్కర్లేదు. గీతలు నేనే గీశాను, గీతకీ గీతకీ మధ్య పదకొండు మిల్లీమీటర్లు. పేజీకి పదిహేడు. అరవై నాలుగు పేజీల దాకా గీసి చెయ్యి పడిపోయి వదిలేశాను. వెయ్యికి పైగా గీతలు గీసినదాన్ని మిగతా నూట ఇరవై ఎనిమిది పేజీలు గీయలేకపోయానని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైగా అట్ట మెలిపడింది. కాగితానికీ నార ఉంటుంది, ఫ్యాక్టరీలో తయారయ్యేటప్పుడే ఎక్కువ నార ఒక దిక్కుకి సర్దుకుంటుంది. జిగురు తడి తగిలితే కాగితం నార వెంట దాదాపు సాగదు, దానికి అడ్డంగా మాత్రం సాగుతుంది, ఆరేటప్పుడు మళ్ళీ ముడుచుకుంటూ అట్టని తనతో లాక్కుపోతుంది. నార పుస్తకం వెన్ను వెంట నిలువుగా ఉండేలా చూసుకోవాలి. కాగితాన్ని అటూ ఇటూ వంచి చూస్తే ఎటు తేలిగ్గా వంగుతుందో ఆ వంపు గీత వెంటే నార పోతున్నట్టు, ఇంత చిన్న పరీక్ష. నేను చెయ్యలేదు. మామయ్య పెరట్లో కొమ్మ చీలుస్తూ నార గురించి అంత చెప్పాక కూడా, కాగితం కర్రలోంచే వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. పుస్తకం మూసిపెడితే పై అట్ట పడవలా లేచేది. నాన్న దాని మీద లావుపాటి నిఘంటువు పెట్టి నాలుగు రోజులు చూశారు, లొంగలేదు. "బాగుంది అమ్మలూ, తెరవడానికి గోరు పెట్టాల్సిన పనిలేదు" అన్నారు.

ఆయన పోయాక ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. కరెంటు మీటరు రీడింగులు, గ్యాస్ బండ మార్చిన తేదీలు, వరండాలో బల్బు ఎన్నాళ్ళొచ్చింది, బీపీ ఎంతుంది, కళ్ళజోడు పవరు. మధ్యమధ్య "అమ్మలు ఫోన్, 14 ని." అని. "అమ్మలు ఫోన్, 6 ని. పనిలో ఉంది." అలాంటివి ఎన్నో. ఫోన్‌లో అన్ని నిమిషాలే మాట్లాడానని నాకు అప్పుడు తెలియదు, ఆయనకి లెక్క ఉంది. అరవై ఐదో పేజీ మొదట్లో "ఇక్కణ్ణుంచి గీతలు లేవు" అని రాసి, దాని కింద స్కేలు పెట్టి ఆయనే గీసుకున్నారు. పదకొండు మిల్లీమీటర్లకి ఒకటి. కొలిచి చూశాను. చివరి పేజీ దాకా.

ఆ పుస్తకం ఉన్న సొరుగు పక్కనే గరిటె ఉంటుంది, స్టీలు డబ్బాలో నిలబెట్టి. అమ్మ పోయి ఎనిమిదేళ్ళు. మొదట్లో దాన్ని వాడబుద్ధయ్యేది కాదు, తీసి దాచేద్దామని కాగితంలో కూడా చుట్టాను. అప్పుడు శాలువా గుర్తొచ్చింది, విప్పేశాను. నాది కుడిచేతి వాటం. అమ్మ చేతికి తీసిన వాలు నా చేతిలో ఎదురు తిరుగుతుంది, గిన్నె మూలకి ఆనదు, కాడ మీద ఆవిడ బొటనవేలి గుంట నా చూపుడువేలికి అడ్డం తగులుతుంది. చాలా రోజులు తిరగేసి పట్టుకున్నాను, అమ్మ ఆ పాత గరిటెని పట్టుకున్నట్టే. తర్వాత ఎప్పుడు మానేశానో తెలియదు, ఎలా ఉన్నదాన్ని అలాగే పట్టుకోవడం అలవాటైపోయింది. రెండు మూడు నెలలకోసారి నూనె పట్టిస్తాను. గుడ్డ విప్పి ఆరేస్తాను.

పోయిన నెల చిన్నమామయ్య వచ్చాడు. రిటైరై చాలాకాలమైంది, చేతులు వణుకుతున్నాయి, కత్తి పట్టడం మానేశాడు. నేను స్టవ్ దగ్గరుంటే వచ్చి పక్కన నిలబడి కాసేపు చూసి, "నీకు ఇది ఎదురుగా ఉందే. ఎవరిచేతైనా కుడిచేతిది చెక్కిస్తాను, పేపరు పట్రా, చెయ్యి గీసుకుంటాను" అన్నాడు. వద్దన్నాను. ఊరుకోలేదు, గరిటె ఇలా ఇవ్వమని తీసుకుని, పంచె చెంగుతో తుడిచి, అప్పటిలాగే కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నడిపించాడు. అమ్మ వైపు అరిగిన పక్క దగ్గర ఆగాడు, అక్కడ చాలాసేపు ఉంచాడు వేళ్ళు. తర్వాత కొస మీదుగా రెండో పక్కకి వచ్చాడు. నాకు అక్కడ ఎప్పుడూ ఏమీ కనిపించలేదు.

"ఇటు కూడా మొదలైంది" అని గరిటె నా చేతికిచ్చేశాడు.